ప్రతి, ప్రతిబింబం, భద్రప్రతి: అమరావతి ఆధారాల చరిత్ర వెలుగులో ఫైళ్ల సమకాలీకరణ

వ్యాస సంగ్రహం: ఒకే ఫైలును అనేక కంప్యూటర్లలో ఒకే స్థితిలో ఉంచే పద్ధతి సమకాలీకరణ. పాత స్థితులను పోగొట్టుకోకుండా దాచే పద్ధతి భద్రపరచడం. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల పరిశోధన సామగ్రికి నష్టం కలుగుతుంది. అమరావతి స్తూపానికి సంబంధించిన 19వ శతాబ్దపు ఆధారాల చరిత్ర ద్వారా ఈ వ్యాసం వాటి మధ్య భేదాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: అమరావతి, మెకంజీ, ఎలియట్, పాఠభేదం, సమకాలీకరణ, భద్రప్రతి.

1. ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లాలో కృష్ణానది దక్షిణ తీరాన ఉన్న అమరావతి మహాస్తూపాన్ని అధ్యయనం చేయడానికి అమరావతిని ఒక్కదాన్ని చూస్తే చాలదు. దాని శిల్పాలు స్థానిక మ్యూజియంలోనే కాక చెన్నై, కోల్‌కతా, లండన్ మ్యూజియాలలోనూ ఉన్నాయి. శిల్పాలను చూసి గీసిన పటాలు మరొకచోట ఉన్నాయి. ఒకే విషయానికి చెందిన ఆధారాలు పలుచోట్ల ఉన్నప్పుడు వాటిని పొందికగా ఎలా ఉంచాలన్నది ఇక్కడి ప్రశ్న. ఇంటి కంప్యూటరులో ఒకటి, లాప్‌టాప్‌లో ఒకటి, కళాశాలలో ఒకటిగా సిద్ధాంత వ్యాసపు ప్రతులను ఉంచుకునే నేటి పరిశోధకుడికీ ఎదురయ్యేది ఈ ప్రశ్నే.

2. మెకంజీ పటాలు: మూడు ప్రతులు

18వ శతాబ్దం చివరి సంవత్సరాలలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణాన్ని నిర్మించాడు. స్థానికులు దీపాలదిన్నె అని పిలిచే దిబ్బను నిర్మాణ సామగ్రి కోసం తవ్వించాడు. ఆ రోజుల్లోనే కాలిన్ మెకంజీ ఆ దిబ్బను మొదటిసారి చూశాడు. భారత సర్వేయర్ జనరల్ హోదాలో 1816లో తిరిగి వచ్చేసరికి చాలా రాళ్లు కనిపించకుండా పోయాయి. దిబ్బ నడుమ గుంట ఏర్పడింది. మిగిలిన శిల్పాలను, దిబ్బ రూపాన్ని అతని చిత్రకారులు కొలతలతో సహా గీశారు. చాలా పటాలపై తేదీ, గీసినవారి పేరు కూడా ఉన్నాయి.

ఈ పటాలు మూడు ప్రతులుగా తయారై కలకత్తాకు, మద్రాసుకు, లండన్‌కు చేరాయి. లండన్ సంపుటి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మెకంజీ 1821లో మరణించాడు. పటాలలో కనిపించే శిల్పాలలో చాలావాటి జాడ ఆ తరువాత తెలియలేదు. వాటికి మిగిలిన ఆధారం ఆ పటాలే.

3. ఎలియట్ తవ్వకాలు: పోయిన టిప్పణాలు

1845లో వాల్టర్ ఎలియట్ జరిపిన తవ్వకాలలో దీనికి విరుద్ధమైన పరిస్థితి కనిపిస్తుంది. అతడు వెలికితీసిన శిల్పాలు మద్రాసులో ఏళ్ల తరబడి ఆరుబయట పడివుండి, అనంతరం లండన్‌కు చేరి, చివరకు బ్రిటిష్ మ్యూజియంలో నిలిచాయి. ఆ తవ్వకాల పటాలు, టిప్పణాలు మాత్రం పోయాయి. ఏ రాయి దిబ్బలో ఏ దిక్కున, ఏ లోతులో దొరికిందో చెప్పే ఆధారం అలా కరువైంది. మెకంజీ విషయంలో రాళ్లు పోయినా సమాచారం నిలిచింది. ఎలియట్ విషయంలో రాళ్లు నిలిచినా సమాచారం పోయింది. ఈ తేడాకు ప్రధాన కారణం ప్రతులే.

4. తాజా స్థితి ఎల్లప్పుడూ ఉత్తమ స్థితి కాదు

కంప్యూటర్ల మధ్య సమకాలీకరణకు ప్రసిద్ధమైన సాధనాలలో ఆర్‌సింక్ ఒకటి. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ దీనిని 1996లో రూపొందించారు. ఇది రెండుచోట్ల ఉన్న ఫైళ్లను పోల్చి, మారిన భాగాలను మాత్రమే పంపుతుంది. కోరితే మూలంలో తొలగించిన ఫైళ్లను గమ్యస్థానంలోనూ తొలగిస్తుంది. మూలాన్ని అద్దంలా చూపే ప్రతిబింబానికి ఇది గుణమే. భద్రప్రతికి మాత్రం ఇదే దోషం. ఒక కంప్యూటరులో పొరపాటున చెరిపిన అధ్యాయం క్షణాల్లో మిగతా కంప్యూటర్లలోనూ చెరిగిపోతుంది.

అమరావతిలో తాజా స్థితే అన్నిటికంటే శిథిలమైన స్థితి. దిబ్బలో రాయి మాయమైనప్పుడల్లా లండన్ సంపుటిలోని పటం కూడా మాయమై ఉంటే నేటి పరిశోధనకు ఏమీ మిగిలేది కాదు. ఆ మార్పు అక్కడికి చేరకపోవడమే మేలైంది. భద్రప్రతి తన తేదీ దగ్గర ఆగిపోయి ఉండాలి.

స్థలభేదం కూడా అవసరమే. 2023 అక్టోబరులో జరిగిన సైబర్ దాడి వల్ల బ్రిటిష్ లైబ్రరీ డిజిటల్ సేవలు నెలల తరబడి స్తంభించాయి. గొప్ప సంస్థ ఆధీనంలో ఉన్నంత మాత్రాన ఒకేచోట ఉన్న డిజిటల్ రూపం అన్నివేళలా అందుబాటులో ఉంటుందని చెప్పలేము.

5. సంఘర్షణ, పాఠభేదం

రెండు కంప్యూటర్లలోనూ ఒకే ఫైలును విడివిడిగా మార్చితే ఏది నిలవాలి? కొన్ని సాధనాలు చివర మార్చినదాన్ని ఉంచి, మరొకదాన్ని తొలగిస్తాయి. బెంజమిన్ పియర్స్ బృందం రూపొందించిన యూనిసన్ గత సమకాలీకరణ నాటి స్థితిని గుర్తుంచుకొని, రెండువైపులా మార్పు జరిగితే నిర్ణయాన్ని వాడుకరికే వదులుతుంది.

తెలుగు పరిశోధకులకు ఈ రెండో మార్గం కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం అనేక తాళపత్ర ప్రతులను సేకరించి, పోల్చి, 1829లో ప్రచురించాడు. చివర రాసిన ప్రతి గనుక అదే సరైనదని ఏ పరిష్కర్తా నిర్ణయించడు. ప్రతులను ఎదురెదురుగా ఉంచి, పాఠభేదాలను గుర్తించి, కారణం చూపి ఒకదాన్ని గ్రహిస్తాడు. తక్కినవాటిని అధోజ్ఞాపికలో నిలుపుతాడు. కంప్యూటరు సంఘర్షణ అని సూచించే స్థితి పాఠభేదం వంటిదే. దానిని తేదీకి కాక వివేచనకు వదలాలి.

6. ముగింపు

నిత్యం వాడే ఫోల్డరును ఇంటి కంప్యూటర్ల మధ్య సమకాలీకరించడం పనికి సౌకర్యం. దానికి వెలుపల, ఏ సాధనమూ తాకని విధంగా, తేదీ వేసిన ప్రతిని నిర్ణీత వ్యవధిలో తీసి ఉంచడం పరిశోధనకు రక్షణ. అందులో ఒకటైనా వేరే ఊళ్లో ఉండాలి. ప్రతి దానిపైనా ఎప్పటిది, ఎవరిది, దేనికి నకలు అన్న వివరం ఉండాలి. మెకంజీ పటాలు నేటికీ ప్రమాణంగా నిలవడానికి వాటిపై ఉన్న ఇటువంటి వివరాలే ఆధారం. క్షేత్రపర్యటన ధ్వనిముద్రణలు, శాసనాల ఛాయాచిత్రాలు, తాళపత్రాల స్కాన్లు నేడు పరిశోధకుల ఇళ్లలోని కంప్యూటర్లలోనే ఎక్కువగా ఉంటున్నాయి. వాటి మూలాలు శిథిలమైన నాడు ఈ ఫైళ్లే ఏకైక ఆధారాలవుతాయి.