బొమ్మల కొలువులో రాయపూర్ సిపాయి

రాయపూర్ నగరం నడిబొడ్డున జయస్తంభ్ చౌక్ ఉంది. సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగ్‌కు కంపెనీ ప్రభుత్వం 1857 డిసెంబర్ 10న మరణశిక్ష అమలు జరిపింది ఇక్కడేనని నగరవాసుల విశ్వాసం. 1856 నాటి కరవులో వర్తకుని కొట్టులోని ధాన్యాన్ని ఆకలిగొన్న ప్రజలకు పంచిపెట్టినందుకు ఆయనను బంధించారు. 1857 ఆగస్టులో రాయపూర్ చెరసాల నుండి తప్పించుకొని, సుమారు 500 మందితో దళాన్ని సమకూర్చుకొని, ఆయన కంపెనీ సేనలను ఎదిరించాడు.

ఆయన మరణించి ఆరు వారాలైనా గడవకముందే రాయపూర్ దండులో నిప్పు రాజుకుంది. 1858 జనవరి 18వ తేదీ రాత్రి, మూడవ పటాలపు మందుగుండు కొట్టులో లష్కర్‌గా పనిచేస్తున్న హనుమాన్ సింగ్ సార్జెంట్ మేజర్ సిడ్వెల్ బంగళాలో ప్రవేశించి అతనిని కత్తితో నరికి, తోటి సిపాయిలను తిరుగుబాటుకు పిలిచాడు. కొన్ని గంటలలోనే ఆ ప్రయత్నం అణగిపోయింది. హనుమాన్ సింగ్ మాత్రం ప్రభుత్వానికి చిక్కలేదు. హవల్దారు గాజీఖాన్ మొదలుకొని అబ్దుల్ హయాత్, శివనారాయణ్, మాతాదీన్, ఠాకూర్ సింగ్, దుర్గాప్రసాద్, నజర్ మహమ్మద్, దేవీదీన్, అక్బర్ హుస్సేన్ తదితరులు మొత్తం 17 మందిని జనవరి 22న సైన్యం సమక్షంలో ఉరితీశారు. వారి పేర్లు మిగిలాయి గాని ముఖాలు మిగలలేదు. ముఖం లేని చరిత్రకు రూపం కల్పించే పని చివరకు బొమ్మలు చేసే కళాకారుని చేతిలో పడుతుంది.

ఒక సంఘటనను చిన్న చిన్న ప్రతిమలతో, పరిసరాలతో సహా కళ్ళకు కట్టించే నమూనా దృశ్యాన్ని నేడు డయోరమా అంటున్నారు. ఈ మాట 1822లో పారిస్ నగరంలో పుట్టింది. దగేర్ అనే చిత్రకారుడు పలుచని తెరలపై బొమ్మలు గీసి, వెలుగునీడల మార్పుతో ప్రదర్శించిన వినోదానికి ఆ పేరు పెట్టారు. కాలక్రమాన అది ప్రదర్శనశాలల్లోని నమూనా దృశ్యాలకు స్థిరపడింది. యుద్ధరంగాన్ని ఇలా చూపిన వారిలో బ్రిటిష్ సైనికాధికారి విలియం సైబోర్న్ పేర్కొనదగినవాడు. వాటర్లూ యుద్ధభూమిని స్వయంగా కొలిచి, అక్కడ పోరాడిన అధికారులకు లేఖలు రాసి వివరాలు సేకరించి, 70 వేలకు పైగా లోహపు బొమ్మలతో ఆయన నిర్మించిన నమూనా 1838లో లండన్‌లో ప్రదర్శితమైంది. విజయంలో ప్రష్యా సేనల పాత్రను అది ఎక్కువ చేసి చూపుతున్నదని వెల్లింగ్టన్ వర్గానికి కంటగింపయింది. తుదకు సైబోర్న్ ప్రష్యా సైనికుల బొమ్మలను పెద్దసంఖ్యలో తొలగించాడు. అంగుళమైనా లేని బొమ్మ ఒక సేనాపతి కీర్తికి అడ్డు రాగలదని ఈ ఉదంతం నిరూపించింది.

ఈ కళ తెలుగువారికి కొత్తది కాదు. పండుగనాళ్ళలో మెట్లమీద దేవతలనూ, రాజులనూ, పల్లె బతుకునూ వరుసగా కొలువుదీర్చే బొమ్మల కొలువు మన ఇంటి డయోరమాయే. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రను సన్నని వేడిమీద ఆరబెట్టి, అంగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నపు పూత పూసిన తరువాతనే రంగు వేస్తారు. నేడు ప్లాస్టిక్, రెసిన్ సైనిక ప్రతిమలకు రంగులు వేసే వారు పాటించే క్రమం కూడా ఇదే: అతుకులు పూడ్చడం, అడుగుపూత వేయడం, ఆపైన రంగులు అద్దడం. ఈ ప్రతిమలలో 54 మిల్లీమీటర్ల ఎత్తు ప్రసిద్ధమైన కొలత.

అంత చిన్న బొమ్మకు రంగు వేయడంలో ఒక సూక్ష్మముంది. నిలువెత్తు మనిషి వస్త్రంపై వెలుగునీడలు వాటంతట అవే పడతాయి. చిన్న ప్రతిమపై వాటిని కళాకారుడే చిత్రించాలి. అందుకు పలుచని ముదురు రంగును మడతలలోకి పారించి నీడను చూపుతారు. దాదాపు ఆరిన కుంచెతో లేతరంగును అంచులపై రుద్ది వెలుగును తెస్తారు. మెరిసే రంగు బొమ్మను ఆటవస్తువుగా మార్చివేస్తుంది కనుక మెరుపులేని రంగునే వాడతారు. బూట్లకు దుమ్ము, పట్టీలకు చెమట మరక, కోటు భుజాలపై ఎండకు వెలిసిన ఛాయ అద్దినప్పుడు గాని ఆ బొమ్మ సిపాయి కాదు.

రాయపూర్ ఘట్టాన్ని ఈ విధంగా రూపొందించబూనిన వారికి ఎదురయ్యే మొదటి చిక్కు దుస్తులదే. నాటి కంపెనీ సేనలలో పదాతిదళానికి ఎరుపు, ఫిరంగి దళానికి నీలం సాధారణమైన రంగులు. అయితే తిరగబడినవారూ వారిని అణచినవారూ ఒకే దండులోని వారు. ఉరికంబమెక్కినవారిదీ, ఎదుట వరుసదీరి చూసినవారిదీ ఒకే కొలువు. కనుక శత్రువుకు ఒక రంగు, వీరునికి మరొక రంగు వేసి చేతులు దులుపుకోవడానికి వీలులేదు. భేదాన్ని నిలుచున్న తీరులోనూ, చూపులోనూ, చేతిలోని వస్తువులోనూ చూపవలసిందే. హనుమాన్ సింగ్ చేతిలో ఉండవలసినది తుపాకి కాదు, కత్తి. జనవరి మాసపు రాత్రి గనుక దీపపు వెలుగు ముఖానికి ఒకవైపే పడాలి. గాజీఖాన్ పక్కన శివనారాయణ్, నజర్ మహమ్మద్ పక్కన దుర్గాప్రసాద్ నిలబడాలి. మతభేదమెరుగని ఆ వరుసే ఈ దృశ్యానికి ప్రాణం.

పరికరాల ఎంపిక ఇంకా బరువైనది. నారాయణ్ సింగ్‌ను ఉరితీశారని ఒక కథనం, ఫిరంగి మూతికి కట్టి పేల్చారని మరొక కథనం చిరకాలంగా ప్రచారంలో ఉన్నాయి. 1987లో భారత తపాలా శాఖ ఆయన స్మృత్యర్థం వెలువరించిన బిళ్ళపై ఫిరంగి చిత్రమే కనిపిస్తుంది. వ్యాసకర్త రెండు కథనాలనూ పక్కపక్కన పేర్కొని ముందుకు సాగవచ్చు. బొమ్మలు చేసేవానికి ఆ వెసులుబాటు లేదు. దృశ్యం మధ్యలో ఉరికంబమో ఫిరంగియో ఒక్కటే నిలవాలి. ఆ ఒక్క వస్తువును చూసిన బాలుడు దానినే చరిత్రగా జీవితాంతం గుర్తుంచుకుంటాడు.

1875లో నెలకొన్న ప్రదర్శనశాల కలిగిన నగరం రాయపూర్; నేడది మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయం. నవ రాయపూర్‌లో షహీద్ వీర నారాయణ్ సింగ్ స్మారక గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల సంగ్రహాలయం 2025 నవంబర్ 1న ప్రారంభమైంది. ఛత్తీస్‌గఢ్ గిరిజన తిరుగుబాట్లు అందులో ప్రతిమల రూపంలో దర్శనమిస్తాయి. అక్షరం చదవలేనివారికి సైతం చరిత్రను అందించగల శక్తి బొమ్మకుంది. ఆ శక్తి ఉన్నందువల్లనే కుంచె పట్టినవాడు చరిత్రకారునితో సమానమైన బాధ్యత వహించాలి. ఆ పదిహేడుగురికీ సమాజం చెల్లించవలసిన ఋణంలో, వారి కోటుకు సరియైన రంగు వేయడం కూడా ఒక భాగమే.