జోడేఘాట్ ప్రదర్శనశాల చెప్పు కథ

ఆసిఫాబాదు నుండి కెరమెరి మీదుగా సాగి, హట్టి గ్రామము దాటి కొండదారి పట్టినచో జోడేఘాట్ అను చిన్న గూడెము కానవచ్చును. అచట 2016లో కొమరం భీము విగ్రహమును, దాని చెంత గిరిజన ప్రదర్శనశాలయు వెలసినవి. రాజుల కిరీటములు చూడగోరువారికి ఇచట పని లేదు. గోండులు, కోలాములు, పరధానులు, తోటీలు ఎట్లు బ్రదికిరో, ఏల పోరాడిరో తెలియగోరువారికే ఇది.

పోరు ఏల వచ్చినది? తరతరములుగా గోండులు అడవి నఱికి, దున్ని, కొన్నియేండ్లకు ఆ నేలను విడిచి మఱియొక చోటికి పోవుచుండిరి. నేల తమదని చెప్పుటకు వారియొద్ద కాగితము లేదు. దాని యవసరమును వారెఱుగరు. నిజాము ప్రభుత్వము అడవులకు హద్దులు నాటగా, వారి పొలములు పెక్కు ఆ హద్దులలో చిక్కినవి. మైదానమునందలి మంచి నేలలకు బయటివారు పట్టాలు పొందిరి. తాతలనాటి పొలమున దున్నిన గోండు నేరస్థుడయ్యెను. బాబేఝరి యొద్ద గుడిసెలు అగ్నికి ఆహుతియైనవి. మొఱలు ఫలింపలేదు. 1940లో జోడేఘాట్ కొండపై పోలీసు తుపాకులు ప్రేలినవి. భీమును, అతని అనుచరులు కొందఱును నేలకొరిగిరి.

అలజడి అణగినది గాని దాని కారణము అణగలేదు. ఆ కారణమేమో తెలిసికొనుటకు ప్రభుత్వము హైమండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో కూడ మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని, గోండీ నేర్చి, వారి మాట విన్నాడు. నేల ఇచ్చినగాని శాంతి రాదని ప్రభుత్వమునకు తెలిపెను. 1943లో మార్లవాయియందు గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసెను. గోండీ వాచకములు వచ్చెను. ఆ దశకము ముగియునప్పటికి లక్ష ఎకరములకు మించిన భూమికి గిరిజనులు పట్టాలు పొందిరి.

అంతటితో కథ సుఖాంతమని చెప్పినచో అది చరిత్ర గాదు. వెలుపలి వలసలు పెరిగినకొలది పట్టా భూములు మరల చేతులు మారినవి. గిరిజన భూముల బదలాయింపును కట్టుదిట్టము చేయుచు 1970లో చట్టసవరణ వచ్చినను, అమలు మందగించెను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మరల తుపాకులు ప్రేలినవి. శాంతి ఒకమాఱు సంపాదించి పెట్టెలో దాచుకొను సొమ్ము గాదు. ఏటేట దున్నుకొనవలసిన పొలము.

ఈ సత్యమును గుర్తించిన ఆచారమొకటి ఆ సీమలో నేటికిని ఉన్నది. పుష్యమాసపు అమావాస్యనాడు కేస్లాపూరున మెస్రము వంశీయులు నాగోబాకు పూజలు ప్రారంభింతురు. ఆ జాతరలో అధికారులు గిరిజనుల నడుమ కూర్చుండి వారి మొఱలాలకించు దర్బారును 1940వ దశకమున హైమండార్ఫే నెలకొల్పెను. ఆయన దంపతుల సమాధులు ఇప్పుడు మార్లవాయిలోనే ఉన్నవి.

జోడేఘాట్ ప్రదర్శనశాలను చూచువారు కేస్లాపూరు దర్బారును గూడ తలపోయవలెనని మా మనవి. వినుటకు ఆలసించిన ప్రభుత్వము చెల్లించిన మూల్యమెట్టిదో మొదటిది చెప్పుచున్నది. ఆ మూల్యము మరల చెల్లింపకుండు త్రోవ ఏదో రెండవది చూపుచున్నది.