పొలిమేర నుండి పటమునకు

తెలుగుదేశమున ఏ పల్లె చరిత్ర చెప్పబూనినను పొలిమేరతోనే మొదలుపెట్టవలెను. ఊరు ఎచ్చట ముగియునో, ఏ చెఱువు నీరు ఎవ్వరి మాగాణికి పాఱునో, ఏ బీడు పశువుల మేతకు విడువబడినదో, ఏ డొంక వెంట మందలు సాగవలెనో తెలిసిన పెద్దలు ఊరూర నుండిన కాలమున, ఆ సంగతులను కాగితముపై గీసి చూపవలసిన అవసరము ఎవ్వరికిని తోపలేదు. నివాసము, సరిహద్దు, ప్రాంతము, కొలమానము అని నేడు మానవ భూగోళశాస్త్రము విద్యార్థులకు బోధించు భావములను మన పల్లెలు శాస్త్రనామము లేకయే వాడుకొనుచుండెను. వానిని పటముపైకి ఎక్కించిన చరిత్ర ఇంచుమించు రెండు శతాబ్దములది. గొలుసు పట్టించిన దొరల పేర్లు ఆ చరిత్రలో మనకు తఱచుగా వినవచ్చును; వారికి దారి చూపి, ఎల్లలు చెప్పి, పేర్లు వ్రాయించిన మనవారి పాత్రయే నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనములను చదివినవారికి ఒక విశేషము కనబడును. రాజు వంశమును, ప్రతిగ్రహీత గోత్రమును సంస్కృతమున విస్తరించి చెప్పిన శాసనకర్త, దానమిచ్చిన ఊరి ఎల్లలను చెప్పవలసిన చోటికి వచ్చునప్పటికి తఱచుగా దేశభాషలోని పేర్లను ఆశ్రయించును. ఒక దిక్కున చెఱువు, ఒక దిక్కున చింతచెట్టు, వేఱొక మూలను పుట్ట, ఆవల పొరుగూరి పొలము, ఇట్లు దిక్కులన్నియు చుట్టివచ్చు ఆ వర్ణనము నడచువానికొఱకు వ్రాయబడినది. వివాదము పుట్టినపుడేమి చేయవలెనో యాజ్ఞవల్క్యస్మృతిలోని సీమావివాద ప్రకరణము చెప్పుచున్నది. పొరుగు గ్రామములవారు, వృద్ధులు, గోపాలకులు, ఎల్లకు చేరువ దున్నువారు, అడవులలో తిరుగువారు సరిహద్దును చూపవలెను. దిబ్బ, బొగ్గు, ఊక, చెట్టు, పుట్ట, పల్లము, ఎముకలు మొదలైనవి దానికి గుర్తులు. నిర్ణయించువారు ఎఱ్ఱని వస్త్రములును ఎఱ్ఱని పూలమాలలును ధరించి, మట్టి మోసికొనుచు ఆ ఎల్లను నడచి చూపవలెను. ఈ స్మృతిపై విజ్ఞానేశ్వరుడు రచించిన వ్యాఖ్యను ఆధారముగా గొని కేతన 13వ శతాబ్దమున దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గుర్తులలో బొగ్గునకును ఊకకును చోటిచ్చుటలోని వివేకము మెచ్చదగినది. చెట్టు కూలిపోవచ్చును, రాతిని రాత్రికి రాత్రి జరుపవచ్చును. నేల లోపల పాతిన బొగ్గు కుళ్ళిపోదు, అది యున్నదని తెలియనివాడు దానిని కదల్పజాలడు.

స్మృతి చెప్పిన ఈ నడకను గ్రామదేవతల కొలువు జనులలో నిలిపినది. పోలేరమ్మ జాతరలో బలి ముగిసినపిదప రక్తము కలిపిన అన్నమును చల్లుచు పొలిమేర వెంబడి సాగుట అనేక గ్రామములలో ఆచారముగా నుండెను. పొరుగూరివారు దానిలో పిడికెడు ఎత్తుకొనిపోయినను తమ ఊరి రక్ష వారి పాలగునను భయముతో కఱ్ఱలు పట్టిన మనుష్యులు వెంట నడచెడివారు. జాతర జరిగినప్పుడెల్ల ఊరిలో ఎదిగివచ్చు పడుచువాండ్రకు ఎల్లలు మఱల పరిచయమగుచుండెను.

ఎల్లలు ఇంత నిశ్చితముగా నుండినను వైశాల్యము అట్లుండలేదు. పుట్టెడు భూమి, తూమెడు భూమి అని విత్తనపు కొలతతో చెప్పుకొనుటయే వాడుక. నేల తీరునుబట్టి ఆ విస్తీర్ణము మాఱుచుండెను. సేద్యగానికి ఆ మాత్రము చాలును. శిస్తు కట్టించుకొను ప్రభుత్వమునకు చాలలేదు. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదలుకొన్న దత్తమండలములకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలముల కొలతను ఆరంభించినపుడు, ఆ పని తెలిసిన గుమాస్తాలు నలుగురు మాత్రమే దొరకిరి. అచ్చటి కరణములకే కొలత నేర్పి, జట్టులుగా కట్టి, కొన్ని సంవత్సరములలోనే ఆ మహాకార్యమును ఆయన ముగించెను. వారు వాడిన గొలుసు పొడవు 33 అడుగులు. ఆ పొడవే భుజముగా గల చతురస్రము 121 చదరపు గజములగును. అట్టివి 40 కలిసినచో సరిగా ఒక ఎకరము. తెలంగాణమున జనులు నేటికిని కుంట అని లెక్కించునది ఈ 121 గజముల నేలనే. కోస్తా జిల్లాలవారు ఎకరమును 100 సెంట్లు చేయుదురు గనుక వారి సెంటు 48.4 గజములైనది.

అదే 1802లో ఉత్తర సర్కారులందు శాశ్వత పైసలా అమలునకు వచ్చెను. జమీందారు ఏటేట చెల్లింపవలసిన పేష్కషు ఒకమాఱు స్థిరపడినందున, ఏ రైతు చేను ఎంతయో తెలిసికొనవలసిన పని కంపెనీకి లేకపోయెను. అనంతపురము, బళ్ళారి సీమలలో బంజరును సైతము గొలుసు పెట్టి కొలుచుచుండగా, జమీందారీలలోని పచ్చని పైరుపొలములు పెక్కు కొలతకు దూరముగా నిలిచెను. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చినపిదపగాని ఆ గ్రామములలో పెక్కింటికి రైతువారీ సర్వే జరుగలేదు. పటము జ్ఞానతృష్ణవలన పుట్టునని నమ్మువారు ఈ రెండు సీమల తారతమ్యమును మనసున నిలుపుకొనవలెను. మన దేశమున గొలుసు శిస్తు వెంట నడచినది.

విలియం లాంబ్టన్ మద్రాసు చెంత పరంగిమల దగ్గఱ తన మహాత్రికోణమితికి ఆధారరేఖను కొలువ మొదలిడినదియు ఆ 1802లోనే, ఏప్రిల్ 10వ తేదీని. భూమి ఆకృతినే గణింపబూనిన ఆ సాహసము గొప్పది, దాని కథ పలుమాఱులు చెప్పబడినది. మన పల్లెలకు అంతకంటె దగ్గఱివాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమున పుట్టి, 1783లో మద్రాసుకు వచ్చి, నిజాము రాజ్యమును, పిదప మైసూరును సర్వే చేసి, 1815లో భారతదేశమునకు సర్వేయరు జనరలైన ఈయనకు మన భాషలు రావు. ఆ లోపమును 1817లో ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో ఆయనయే ఒప్పుకొనెను. ఆయనకు నోరును చెవియునైనవారు ఏలూరివారగు కావలి సోదరులు. వెంకట బొఱ్ఱయ్య శాసనములను చదువుటలో అసాధారణమైన నేర్పు చూపి 1803లో చిన్నవయస్సుననే గతించెను. సోదరుడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. మఱియొక సోదరుడు రామస్వామి దక్కను కవుల చరిత్రలను 1829లో ఇంగ్లీషున ప్రకటించెను. వీరును వీరి సహచరులును ఊరూర కరణములను కలిసికొని, ఊరు ఎట్లు వెలసినది, చెఱువు ఎవ్వరు త్రవ్వించిరి, గుడికి మాన్యములెన్ని, ఏ రాజు నాడు ఏ పన్నుండెను, ఏ కులములవారు ఎచ్చటనుండి వచ్చి స్థిరపడిరి అని విచారించి వ్రాయించినవే కైఫీయతులు. కరణముల యిండ్లలోని పాత కవిలెలు వానికి మూలాధారములు. కొలత పటముననుండగా కారణము కైఫీయతున నిలిచినది. ఈ రెండింటిని ఒక్కచోట చేర్చుటయే మెకంజీ ఘనత. కావలి సోదరులు లేనిచో అది కానేరదు.

థామస్ హిక్కీ 1816లో చిత్రించిన పటమున మెకంజీ ఎఱ్ఱకోటు తొడిగి నిలుచుండగా చెంత ముగ్గురు భారతీయులు కనబడుదురు. ఒకని చేత దుర్భిణి, ఒకని చేత తాటాకులు. మూడవవాడు లక్ష్మయ్య యని చెప్పుదురు. వెనుక దూరమున కార్కళలోని గోమటేశ్వరుని విగ్రహము. సర్వే అనిన ఏమేమి కావలెనో ఆ ఒక్క చిత్రమున నున్నది.

1858లో మద్రాసు రాజధానిలో రెవిన్యూ సర్వే ఆరంభమైనపిదప గ్రామపటములు మైలునకు 16 అంగుళముల చొప్పున తయారయ్యెను. ప్రతి సర్వే నంబరునకును కొలతల పుస్తకమున ఒక పుట. దానిని తెఱచి చూచినచో పొలము రెండు మూడు త్రికోణములుగా విడిపోయి కనబడును. రాతినుండి రాతికి గీసిన గీతకు ఇరువైపుల లంబములు, ప్రతి గీత ప్రక్కను, గొలుసు కడియములగు లింకులలో, అంకెలు. అంకెయందు వంక లేనిచో ఆ పుట చేతబట్టుకొని, పోయిన రాయి ఎచ్చటనుండెనో నూఱేండ్ల తరువాతనైనను కనుగొనవచ్చును. నిజాము రాజ్యమున ఇట్టి పనిని టిప్పనులను కొలత చిత్రములును సేత్వారులను భూముల పట్టికలును చేసెను. అచ్చటి రైతులు నేటికిని తమ హక్కునకు 1954-55 నాటి ఖాస్రా పహాణీ యను భూమి లెక్కల పుస్తకమును చూపుదురు.

ఇంత సూక్ష్మముగా పొలములను కొలిచిన ఆ పటములలో ఒకచోటు మాత్రము తెల్లగా మిగిలిపోయినది. అది గ్రామకంఠము. చేనిగట్టు వంపులన్నియు లింకులలో వ్రాసినవారు, మనుష్యులు కాపురముండు ఇండ్లను, వీధులను, వాడలను మొత్తముగా ఒకే తుండముగా గీసి ఊరకుండిరి. ఇంటినేలకు శిస్తు లేదు గదా! మెట్టయు మాగాణియు బంజరును పోరంబోకును విడివిడిగా చూపు పటమునుండి, వాడకును వాడకును నడుమ నున్న దూరమును, నీళ్ళబావి ఎవ్వరికి చేరువయో ఎవ్వరికి దూరమో తెలిసికొనుటకు వీలులేదు. మానవ భూగోళమునకు ముఖ్యముగా కావలసినది అదియే. ఆ సంగతులు కరణము నోట నుండెడివి. 1984లో ఆ పదవులే రద్దయ్యెను. 2020 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము స్వామిత్వ పథకమును ఆరంభించి, డ్రోనులతో పల్లెల నివాసస్థలములను చిత్రింపించుచున్నది. ఆలస్యముగనైనను ఆ తెల్లని చోటు నిండుచున్నందుకు సంతోషింపవలెను.

డ్రోను ఇంటి కప్పును చూపగలదు. ఆ వాడ అచ్చట ఎందుకు వెలసినదో చెప్పుటకు కైఫీయతు కావలెను. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము ఆ జిల్లా కైఫీయతులను సంపుటములుగా వెలువరించినది. తక్కిన జిల్లాలవియు అట్లే వచ్చి, ఏ ఊరి కైఫీయతును ఆ ఊరి పటముతో కలిపి ఆ ఊరి బడిలో నుంచినచో, పిల్లలు భూగోళపాఠమును తమ వీధిలోనే మొదలుపెట్టగలరు.