గేటు దగ్గర మొదలుకావలసిన కథ: చెయ్యేరు వరద, ప్రభుత్వ స్పందన, డాక్యుమెంటరీ సాక్ష్యం

సారాంశం

2021 నవంబరులో అప్పటి కడప జిల్లాను ముంచిన వరదను, కత్రినా తుపానుపై అమెరికా దర్శకుడు స్పైక్ లీ తీసిన డాక్యుమెంటరీతో కలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విపత్తులో ప్రభుత్వ స్పందన ఆనకట్ట నిర్వహణతోనే మొదలవుతుందని, దృశ్య సాక్ష్యాన్ని కూడా ఆ వరుసలోనే పేర్చాలని ప్రతిపాదిస్తుంది.

1. చెన్నూరు నుంచి కనిపించేదెంత?

గండికోట లోయ దాటి, మైలవరం జలాశయం మీదుగా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో పారిన పెన్న, కుందూను, పాపఘ్నిని కలుపుకొని చెన్నూరు చేరుతుంది. ఇక్కడ కేంద్ర జలసంఘం కొలత కేంద్రం ఉంది. 2021 నవంబరు వరదలో పాపఘ్ని ఉధృతికి కమలాపురం దగ్గర వంతెన కూలింది. అయితే ఆ రోజుల్లో ఊళ్లను తుడిచిపెట్టిన చెయ్యేరు పెన్నలో కలిసేది చెన్నూరుకు దిగువన. చెన్నూరు వంతెన మీద నిలబడి ఎంత చిత్రీకరించినా చెయ్యేటి కథ అందులోకి రాదు. ఏ ఏరు ఎక్కడ కలుస్తుందో, దానిపై ఏ కట్ట ఉందో తెలిస్తేనే కెమెరా కారణం వైపు తిరుగుతుంది.

2. అన్నమయ్య ప్రాజెక్టు

నవంబరు 19, కార్తిక పౌర్ణమి. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరూ తోడై, రాజంపేట మండలంలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తోగూరుపేట వంటి గ్రామాల మీద నీళ్లు పడ్డాయి. మనుషులు, పశువులు, ఇళ్లు పోయాయి. పొలాల్లో ఇసుక మేట వేసింది.

మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే అవతలి వాలు కోసుకుపోయి గండి పడుతుంది. అందుకే ఇలాంటి ఆనకట్టకు స్పిల్‌వే గేట్లే రక్ష. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ 2021 డిసెంబరులో రాజ్యసభలో చెప్పారు. స్పిల్‌వే సామర్థ్యాన్ని మించిన ప్రవాహం వచ్చిందని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేసే వాదనలు కావు. ప్రవాహం అసాధారణమైనప్పుడే ప్రతి గేటూ లేవాలి. ఆనకట్టల భద్రత బిల్లు పార్లమెంటు ఆమోదం పొందింది కూడా ఆ డిసెంబరులోనే.

3. స్పైక్ లీ చూపిన దారి

2005 ఆగస్టులో కత్రినా తుపాను తర్వాత అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరం దాదాపు 80 శాతం మునిగింది. మరుసటి ఏడు హెచ్‌బీఓ ప్రసారం చేసిన ‘వెన్ ద లెవీస్ బ్రోక్’ స్పైక్ లీ తీసిన నాలుగు భాగాల చిత్రం. అమెరికా సైన్యపు ఇంజినీరింగ్ విభాగం కట్టిన కరకట్టలు, వరదగోడలు తెగడం వల్లే నగరం మునిగిందన్న వాదన అందులో బలంగా వినిపిస్తుంది. ఇల్లు పోగొట్టుకున్నవారి గొంతుకూ, అధికారుల మాటకూ అది చోటిచ్చింది. బాధితులను కన్నీటి దృశ్యాలకే పరిమితం చేయక, ప్రశ్నించే పౌరులుగా నిలబెట్టడం ఆ చిత్రం సాధించిన మేలు.

4. చెయ్యేటికి వర్తించే క్రమం

చెయ్యేరుపై తీసే చిత్రం నాలుగు అంచెలు పాటించాలి. మొదటిది నిర్వహణ: గేట్ల మరమ్మతుకు ఎప్పుడు నిధులు అడిగారు, ఎప్పుడు ఇచ్చారు? రెండోది కట్ట తెగే ముందు రాత్రి: నీటిమట్టాల నమోదు, గేట్లు ఎత్తిన వేళలు, విధుల్లో ఉన్న లస్కర్ల (గేట్ల సిబ్బంది) సాక్ష్యం. మూడోది హెచ్చరిక: అది ఏ ఊరికి, ఎవరి ద్వారా, ఎప్పుడు చేరింది? చివరిది పునరావాసం: ప్రకటించిన పరిహారం, ఇల్లు ఎవరికి ఎన్నాళ్లకు అందాయి?

సహాయక శిబిరంతో చిత్రం మొదలుపెడితే మొదటి మూడు అంచెలూ జారిపోతాయి. అన్నం పొట్లాలు, హెలికాప్టర్లు, నాయకుల పరామర్శ మాత్రమే ప్రభుత్వ స్పందనగా మిగులుతాయి. అవీ అవసరమే. కానీ మనుషులను కాపాడే అవకాశం అంతకుముందే చేజారింది.

ముగింపు

బాధితుల సెల్‌ఫోన్లలోని దృశ్యాలు చెరిగిపోకముందే వాటిని తేదీ, వేళ, చోటుతో సహా సేకరించాలి. గేట్ల రికార్డుల నకళ్లతో కలిపి భద్రపరచాలి. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం ఈ పనికి తగిన చోటు. ఈ సాక్ష్యం సిద్ధంగా ఉంటే, రేపు ఏ గేటు మొరాయించినా దాన్ని బాగుచేయమని అడిగే గ్రామస్థుడి చేతిలో ఆధారం ఉంటుంది. విపత్తు డాక్యుమెంటరీ ప్రజలకు చేయగల గొప్ప సేవ ఇదే.