ఒక కారు – పెక్కు పేర్లు

కారు ముందుభాగమున మెరయు పేరు దానిని అమ్మువారిని తెలుపునేగాని, నిర్మించినవారిని ఎల్లప్పుడు తెలుపదు. అమెరికాలో ‘జియో మెట్రో’ అను పేర అమ్ముడైన చిన్నకారు ఇందుకు చక్కని ఉదాహరణము.

1973, 1979 సంవత్సరములలో చమురు కొరత ఏర్పడి అమెరికాలో పెట్రోలు ప్రియమయ్యెను. ప్రతి కంపెనీ అమ్ము కార్లు 1985 నాటికి సగటున గాలనునకు 27.5 మైళ్లు నడువవలెనని 1975లోనే అచట చట్టము వచ్చినది. పెద్దకార్లకు అలవాటుపడిన జనరల్ మోటార్సు సంస్థకు చిన్నకారు అవసరమయ్యెను. కాని చిన్నకారును నిర్మించి లాభము గడించుట కష్టము. కారు చిన్నదైనను ఇంజను, చక్రములు, పనివారి కూలి తప్పవు. ధర మాత్రము తక్కువగా నుండవలెను. అందుచే ఆ సంస్థ 1981లో జపానుకు చెందిన సుజుకి కంపెనీలో 5.3 శాతము వాటా కొనెను.

సుజుకి 1983లో ‘కల్టస్’ అను కారును విడుదల చేసెను. మరుసటి సంవత్సరమే అది ‘షెవర్లే స్ప్రింట్’ అను పేర అమెరికా చేరెను. 1989 నమూనా నుండి ‘జియో మెట్రో’ అయ్యెను. ఆ సంవత్సరమే కెనడాలోని ఇంగర్సాల్ పట్టణమున ఉభయ సంస్థల ఉమ్మడి కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది. కెనడాలో ఈ కారు ‘పాంటియాక్ ఫైర్‌ఫ్లై’. ఆస్ట్రేలియాలో ‘హోల్డెన్ బరీనా’. మన దేశమున 1990లో వచ్చిన ‘మారుతి 1000’, 1994లో వచ్చిన ‘ఎస్టీమ్’ ఈ కుటుంబములోనివే.

దీని పొదుపునకు కారణమేమి? ఇంజను ఒక లీటరుది, సిలిండర్లు మూడే. పిస్టనులు తక్కువైనచో ఒరపిడి వలన వృథాయగు శక్తియు తగ్గును. బరువు తక్కువగుటచే ఆగిన కారును మరల కదల్చుటకు స్వల్పశక్తి చాలును. ‘ఎక్స్‌ఎఫ్‌ఐ’ అను రకములో, ఇంజను తక్కువ చుట్లు తిరిగినను కారు వేగము తగ్గకుండునట్లు గేర్ల నిష్పత్తిని మార్చిరి. ప్రభుత్వ పరీక్షలలో అది రహదారిపై గాలనునకు 58 మైళ్లు, అనగా లీటరునకు సుమారు 24.7 కిలోమీటర్లు నడిచినట్లు లెక్కకు వచ్చెను.

అయినను 1998 నాటికి అమెరికాలో గాలను పెట్రోలు ధర సుమారు ఒక డాలరునకు దిగెను. జనులు మరల పెద్ద వాహనములవైపు మొగ్గిరి. అంతకుముందే జియో పేరు తొలగి ‘షెవర్లే మెట్రో’గా మారిన ఈ కారు 2001 నమూనాతో నిలిచిపోయెను. 2008లో గాలను ధర 4 డాలర్లు దాటగానే పాత మెట్రోలకు మరల గిరాకి పుట్టెను. కారు మారలేదు; మారినది పెట్రోలు ధర మాత్రమే.