హైదరాబాదు క్లోరోఫాం నేర్పిన చదువు

మత్తు ఇవ్వడానికి ఇంగ్లండులోనే విడిగా ఒక డిప్లొమా 1935 దాకా లేదు. దానికి దాదాపు అర్ధ శతాబ్దం ముందే హైదరాబాదులో ఆ పనిలో ఆరితేరినవాళ్లున్నారు. 1846లో రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ చేతిమీదుగా మొదలైన నిజాం వైద్య పాఠశాలలో తొలి దశాబ్దాల చదువంతా ఉర్దూలోనే నడిచింది. 1885లో ఎడ్వర్డ్ లారీ ఆ పాఠశాల పెద్దగా వచ్చాక బోధన ఇంగ్లీషుకు మారింది, ఆడవాళ్లకూ ప్రవేశం దొరికింది. అలా చేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో ‘హకీం’ అనే వైద్య పట్టా పుచ్చుకుని, అఫ్జల్‌గంజ్, రెసిడెన్సీ ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి రోగులకు క్లోరోఫాం ఇచ్చారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమె ఒకరు. గురువు కనుసన్నల్లో, ఆపరేషన్ బల్ల పక్కన నిలబడి నేర్చుకున్న విద్య అది. పట్టాల వెంట పరుగెత్తే ఈ రోజుల్లో, అనుభవమే అసలు చదువని చెప్పడానికి ఈ కథ బాగా పనికొస్తుంది. కానీ కథ అక్కడితో ఆగదు. అనుభవం స్పెషలిస్టును సగమే తయారుచేస్తుందనీ, ఆ అనుభవాన్ని శంకించి పరీక్షించుకునే శిక్షణ మిగతా సగమనీ చూపించిందీ హైదరాబాదే.

లారీ ఎడింబరోలో సర్జన్ జేమ్స్ సైమ్ శిష్యుడు. నాడి సంగతి వదిలేసి శ్వాసను గమనించు, క్లోరోఫాం ముందు ఆపేది ఊపిరినే గాని గుండెను కాదు అన్నది సైమ్ బోధ. లండను వైద్యులు ఒప్పుకోలేదు. 1848లో న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి, కాలిగోరు తీయడానికి మత్తు ఇస్తుండగానే చనిపోయింది. అలాంటి మరణాల్లో గుండే ముందు ఆగుతుందని లండను వైద్యుడు జాన్ స్నో వాదించారు. వాదం తేల్చడానికి లారీ 1888లో హైదరాబాదులో ఒక కమిషన్ నడిపారు. దాని ఫలితాన్ని లండను వైద్య పత్రిక లాన్సెట్ నమ్మకపోతే, ఆరో నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చి పత్రిక తరఫు నిపుణుణ్నే రప్పించారు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చి, వందల జంతువుల మీద ప్రయోగాలు చూసి, లారీ మాటే నిజమన్నారు. అయినా అది పూర్తి నిజం కాదు. మత్తు పల్చగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోతుందని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద నిరూపించారు. భయంతో వణుకుతూ బల్ల ఎక్కిన మనిషికి మత్తు ఎక్కువైనప్పుడే కాదు, చాలకపోయినా ప్రాణాపాయమే.

దీన్నిబట్టి లారీని తీసిపారేయడం అన్యాయం. శ్వాస మీంచి కన్ను తిప్పవద్దన్న ఆయన పాఠం ఎన్నో ప్రాణాలు నిలబెట్టి ఉంటుంది, ఇప్పటికీ మత్తు వైద్యంలో అది మొదటి పాఠమే. చిక్కు మరోచోట ఉంది. క్లోరోఫాం మరణం కొన్ని వేలమందిలో ఒకరికి వచ్చేది. అంత అరుదైన ప్రమాదాన్ని ఒక్క మనిషి అనుభవం, అదెంత విస్తారమైనదైనా, సరిగ్గా తూచలేదు. పైగా తన పద్ధతి మీద గురి కుదిరినకొద్దీ ఎదురు సాక్ష్యం కంటికి ఆనదు. రూపాబాయి 1909లో ఎడింబరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదవడం నాకు గొప్పగా తోచేది ఇందుకే. ఇరవయ్యేళ్లు మత్తు ఇచ్చిన మనిషి, ఆ ఆవిరి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి మళ్లీ విద్యార్థి అయ్యారు.

చేతి నేర్పునూ శాస్త్రాన్నీ ఒకే శిక్షణలో కలిపినవాడు రాల్ఫ్ వాటర్స్. 1927 నుంచి అమెరికాలోని మాడిసన్‌లో ఆయన దగ్గర చేరిన డాక్టర్లు మత్తు ఇచ్చేవారు, ప్రయోగశాలలో పనిచేసేవారు, ప్రతి కేసూ రాసిపెట్టేవారు. వారానికోసారి కూర్చుని ఎక్కడ పొరపాటు జరిగిందో అందరి ముందూ చర్చించేవారు. మన దగ్గర ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్ కలిపి అయిదున్నరేళ్లు, ఆపైన ఎండీ మూడేళ్లు. జిల్లా ఆసుపత్రుల్లో మత్తు డాక్టరు లేక ఆపరేషన్లు వాయిదా పడుతుంటే ఇన్నేళ్ల చదువు దేనికని అడిగేవారి బాధ నిజమైనదే. ప్రవేశ పరీక్షకని ఇంట్లో కూర్చుని గడిపే సంవత్సరాలను తగ్గించాలంటే నేనూ వాళ్లతో గొంతు కలుపుతాను. పెద్ద డాక్టరు పక్కనుండగా కేసులు చేసే కాలాన్ని, లాగ్‌బుక్‌ను, మరణాల మీద జరిగే చర్చను కుదించమంటే మాత్రం ఒప్పుకోలేను. లారీకి చేయి తిరిగిన నేర్పుంది, శిష్యులున్నారు, నిజాం అండ కూడా ఉంది. ఆయన లెక్కను తప్పుపట్టగల సహచరులు మాత్రం ఆ ఆసుపత్రిలో లేరు.