సైనికుడి యిల్లు: పూచీ యెవరికి?

యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు అమెరికా ప్రభుత్వం యిళ్లిచ్చిందని ఒక ప్రతీతి వున్నది. 1944 జూన్ 22న రూజ్వెల్టు సంతకం చేసిన చట్టాన్ని (జనం దాన్ని "జి.ఐ. బిల్లు" అన్నారు) యిందుకు సాక్ష్యంగా చూపుతారు. నిజానికి ఆ చట్టం యెవరికీ యిల్లు యివ్వలేదు. అది యిచ్చింది పూచీ. సైనికుడు యిల్లు కొనడానికి అప్పు తెచ్చుకుంటే, అందులో సగానికి, రెండువేల డాలర్లకు మించకుండా, ప్రభుత్వం హామీ వుంటుంది. మరుసటి సంవత్సరమే యీ పరిమితి నాలుగువేలయింది. బ్యాంకుకు నష్టభయం తగ్గింది. కాని అప్పు యెవరికి యివ్వాలో, యెవరికి యివ్వకూడదో తేల్చే అధికారం మాత్రం బ్యాంకు చేతిలోనే వుండిపోయింది. తరువాతి కథంతా యిందులోనే యిమిడి వున్నది.

పాలకుల ధర్మబుద్ధిలోంచి యీ చట్టం పుట్టిందనుకోవడం అమాయకత్వం. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవారికి 1924లో ప్రభుత్వం బోనసు పత్రాలు పంచింది. వాటిమీద పూర్తి డబ్బు 1945లో గాని చేతికి రాదు. ఆర్థిక మాంద్యంలో పనులు పోయి, కొంపలు పోయి, 1932లో వేలాది మాజీ సైనికులు ఆ డబ్బు యిప్పుడే యిమ్మని వాషింగ్టను చేరారు. అనకోస్టియా నది వొడ్డున పాత చెక్కలతో, రేకులతో గుడిసెలు వేసుకుని ఆలుబిడ్డలతో కాపురం పెట్టారు. నల్లవారూ తెల్లవారూ అక్కడ పక్కపక్కనే వున్నారు. ఆనాటి అమెరికా సైన్యంలో అలా వుండడానికి వీలులేదు! జూలై 28న పోలీసు కాల్పులకు యిద్దరు మాజీ సైనికులు బలయ్యారు. ఆ సాయంత్రమే జనరల్ మెకార్థర్ అశ్వికదళంతో, టాంకులతో వారిమీదికి వచ్చాడు. రాత్రికి గుడిసెలు తగలబడ్డాయి. పన్నెండేళ్ల తరువాత కోటిన్నరకు పైబడిన సైనికులు తిరిగి రానున్నారన్నప్పుడు పాలకులకు ఆ మంటలు జ్ఞాపకం వచ్చాయి.

1944 నుంచి 1952 వరకు యీ పూచీమీద సుమారు 24 లక్షల గృహరుణాలు పుట్టాయి. యిది చిన్న సంగతి కాదు. యెన్నో కార్మిక కుటుంబాలు సొంత గడప తొక్కాయి. దీన్ని కాదనడం చరిత్రకు అన్యాయం చేయడమే. అయితే మిసిసిపీ రాష్ట్రంలో 13 పట్టణాలను 1947లో పరిశీలిస్తే, యిల్లు, వ్యాపారం, వ్యవసాయం మూడింటికీ కలిపి యిచ్చిన 3,229 రుణాలలో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండు. శాతం లెక్కకట్టడానికి కూడా అందని సంఖ్య! చట్టంలో "తెల్లవాడు" అన్న మాట యెక్కడా లేదు. దాని అవసరమూ లేదు. ఆ శాసనాన్ని ప్రతినిధుల సభలో నడిపించిన కమిటీ అధ్యక్షుడు మిసిసిపీకి చెందిన రాంకిన్, వర్ణవిభజనకు బహిరంగ సమర్థకుడు. అమలు స్థానికుల చేతిలో వుండేటట్లు చూసుకుంటే చాలునని అతనికి తెలుసు. న్యూయార్కు దగ్గర లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి సైనికుల కోసం వేల యిళ్లు లేచాయి; అక్కడి ఒప్పందపత్రం నల్లవారిని నివసించనివ్వరాదని స్పష్టంగా చెప్పింది.

యిక రంగు అడ్డురాని పేద సైనికుడి సంగతేమిటి? అప్పు పుట్టాలంటే తీర్చగల రాబడి వుండాలి గదా. అది లేనివారికి దొరికింది రేకుల షెడ్డు. లాస్ ఏంజిలిస్‌లో పాత విమానాశ్రయ స్థలంలో 1946లో "రోడ్జర్ యంగ్ విలేజి" వెలిసింది. అర్ధచంద్రాకారపు యినుపరేకు షెడ్లు 750. ఒక్కొక్కదానికి మధ్య అడ్డుగోడ పెట్టి రెండేసి కుటుంబాలు, అంటే మొత్తం 1,500 కాపురాలు. తెల్లవారు, నల్లవారు, మెక్సికన్లు, జపాన్ సంతతివారు కలిసే బతికారు. తాత్కాలికమన్న పేరుతో వచ్చిన ఆ వూరు 1954లో మూతపడింది. అనకోస్టియాలోనూ యిక్కడా అన్ని జాతులవారు కలిసి వుండగలిగింది సొంత యిల్లు లేనిచోటనే అన్నది ఆలోచించదగ్గ విషయం.

అదే నగరంలో అంతకు చాలా ముందే, 1888లో, వికలాంగ సైనికుల ఆశ్రమం కోసం దాతలు భూమి యిచ్చారు. అక్కడ ఒకప్పుడు వేలమంది సైనికులు నివసించారు. కాలక్రమాన నివాసాలు పాడుబడ్డాయి. మిగిలిన 388 ఎకరాల్లో కొంత భాగం ఒక ప్రైవేటు పాఠశాల ఆటస్థలానికి, ఒక విశ్వవిద్యాలయం బేస్‌బాల్ మైదానానికి, కార్లు నిలుపుకోవడానికి కౌలుకు పోయింది. ఆ భూమి గోడ అవతల కాలిబాటమీద మాజీ సైనికులు గుడారాలు వేసుకున్నారు.

1992లో మొదలై 2008 నుంచి పెరిగిన అద్దె వోచరు పథకం పాత పూచీకన్నా మెరుగైనదనక తప్పదు. పేద సైనికుడు తన రాబడిలో సుమారు నూటికి ముప్పై అద్దెకిస్తే మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. వైద్య సహాయం కూడా వుంటుంది. 2010లో 74 వేలకు పైగా వున్న నిరాశ్రయ సైనికుల సంఖ్య 2024 నాటికి 32,882కు దిగింది. అయినా వోచరు చేతబట్టుకుని వెళ్తే తలుపు తీయవలసినవాడు యింటి యజమానే. ఆనాడు బ్యాంకరు, యీనాడు యితడు.

లాస్ ఏంజిలిస్ సైనికులు 2011లో ఒకసారి, 2022లో మరొకసారి కోర్టుకెక్కారు. 2024 సెప్టెంబరులో న్యాయమూర్తి ఆ భూమిలో 1,800 శాశ్వత నివాసాలు, 750 తాత్కాలిక నివాసాలు కట్టాలని ఆదేశించాడు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. విచారణలో బయటపడిన ఒక నిబంధన మాత్రం చెప్పుకుతీరాలి. యుద్ధంలో అయిన గాయాలకిచ్చే పరిహారాన్ని సైనికుడి రాబడిగా లెక్కించారు. గాయం యెంత పెద్దదైతే పరిహారం అంత యెక్కువ. కాబట్టి తీవ్రంగా దెబ్బతిన్నవాడు "పేదవాడు" అన్న కొలతను దాటిపోయాడు. ఆ స్థలంలో కట్టిన యిళ్లకు అనర్హుడయ్యాడు. యీ లెక్కను సవరిస్తున్నట్లు కేంద్ర గృహశాఖ ప్రకటించింది 2024 ఆగస్టులో. కోర్టులో విచారణ నడుస్తున్న నెల అదే.